ఇంటి చదువు: ఎవరికి, ఎన్నాళ్లు, ఎవరి భుజాల మీద?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాటలు లెక్కల పుస్తకం దగ్గర మొదలవుతాయి. ఏ సిలబస్ పట్టుకున్నారు, తెలుగు చదవడం ఎప్పుడు మొదలుపెట్టారు, పదో తరగతి ఎక్కణ్నుంచి రాయిస్తారు అని ఒకరినొకరు అడుగుతారు. కాసేపటికి మాట పక్కకు జరుగుతుంది. పిల్లాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఫోను ఎంతసేపు చూస్తున్నాడు, ఈడు పిల్లలు ఆటకు దొరుకుతున్నారా, అత్తగారికి ఏమని సర్దిచెప్పారు అన్నవి వస్తాయి. చివరికి ఎవరో ఒక తల్లి అసలు సంగతి బయటపెడుతుంది, తనకే ఓపిక చాలడం లేదని.

చదువు, మనసు, ఇంటి నడక ఈ మాటల్లో విడివిడిగా ఉండవు. హోమ్‌స్కూలింగ్ మంచిదా చెడ్డదా అని బయట జరిగే వాదన మాత్రం మార్కుల చుట్టూ, నలుగురిలో కలవడం చుట్టూ తిరుగుతుంటుంది. గత యాభై ఏళ్లలో పోగైన అనుభవాన్నీ పరిశోధననూ చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకునే సలహాల్లో ఏవి నిలుస్తాయో, వేటిని నమ్మితే పిల్లలు నష్టపోతారో కొంత తేలుతుంది.

ఎక్కడ మొదలైంది

ఇంట్లో చదువుకోవడం మనకు వింతేమీ కాదు. పెద్ద బాలశిక్ష ముందు పెట్టుకుని తాత దగ్గరో మేనమామ దగ్గరో అక్షరాలు దిద్దిన తరాలు ఉన్నాయి. అయితే ఆ చదువు అప్పటికే చదువున్న ఇళ్లలోనే సాగింది. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టినా, భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాదులో దళిత పిల్లల కోసం బడి తెరిచినా, ఇంట్లో అక్షరం అందని పిల్లలకు దాన్ని అందించడానికే. బడి గడప తొక్కడమే ఒక పోరాటమైన కుటుంబాలకు, బడి వద్దనుకోవడం ఉన్నవాళ్ల ముచ్చటగా కనిపిస్తే తప్పుపట్టలేం.

నేటి హోమ్‌స్కూలింగ్ ఉద్యమం అమెరికాలో పుట్టింది. జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు 1964లో పిల్లలు ఎందుకు ఓడిపోతారన్న దాని మీద, 1967లో ఎలా నేర్చుకుంటారన్న దాని మీద పుస్తకాలు రాశాడు. తరగతి గదిలో పిల్లల తెలివి చాలావరకు పాఠం మీద పనిచేయదని, టీచరుకు ఏ జవాబు కావాలో కనిపెట్టడానికే ఖర్చవుతుందని ఆయన గమనించాడు. మొదట బడులు మారతాయని ఆశపడ్డాడు. ఆ ఆశ పోయాక 1977లో 'గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్' అనే పత్రిక మొదలుపెట్టాడు. దాని బలమంతా తల్లిదండ్రులు రాసుకున్న ఉత్తరాల్లో ఉంది. ఫలానా పిల్ల తొమ్మిదేళ్లకు చదవడం మొదలుపెట్టింది, ఫలానా జిల్లా అధికారి ఇలా బెదిరించాడు, మేం ఇలా జవాబిచ్చాం అంటూ సాగేవి. పాఠాల కట్టుబాటు లేకుండా పిల్లల ఇష్టాన్ని బట్టి నడిచే చదువుకు 'అన్‌స్కూలింగ్' అన్న పేరు వ్యాపించింది ఆయన వల్లే.

అదే కాలంలో రేమండ్, డొరొతీ మూర్ దంపతులు చిన్న వయసులోనే బడిలో వేయడం మంచిది కాదని వాదించారు. క్రైస్తవ కుటుంబాలు వాళ్ల మాట విన్నాయి. బడిలో స్వేచ్ఛ లేదన్నవాళ్లూ, బడిలో దైవం లేదన్నవాళ్లూ ఒకే హక్కు కోసం పోరాడారు. 1993 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. ప్రభుత్వ అంచనా ప్రకారం 1999లో ఇంట్లో చదివే పిల్లలు 8.5 లక్షలు, 2012లో దాదాపు 18 లక్షలు. కోవిడ్ వచ్చిన 2020లో హోమ్‌స్కూలింగ్ చేస్తున్నామన్న కుటుంబాలు వసంతంలో 5.4 శాతం ఉంటే, బడులు మళ్లీ మొదలయ్యే వేళకు 11.1 శాతమయ్యాయి. నల్లజాతి కుటుంబాల్లో ఇది 3.3 నుంచి 16.1 శాతానికి పెరిగింది. తెల్లజాతి మతపరుల వ్యవహారమన్న పాత ముద్ర ఆ ఏడాదితో చెరిగిపోయింది.

మిగతా దేశాలు ఒక్క తీరున లేవు. జర్మనీలో బడికి వెళ్లి తీరాలి. దాని మీద కుటుంబాలు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లినా 2006లోనూ 2019లోనూ ఓడిపోయాయి. ఫ్రాన్స్ 2022 నుంచి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. ఇంగ్లండులో చదువు తప్పనిసరే గాని అది బడిలోనే సాగాలని లేదు. అక్కడ 2024 శరదృతువులో ఇంట్లో చదువుతున్న పిల్లలు 1,11,700 మంది అని లెక్క తేలింది. కారణాల్లో తల్లిదండ్రుల సిద్ధాంతాలతో పాటు పిల్లల మానసిక ఆరోగ్యం కూడా ముందు వరసలో ఉంది. సిద్ధాంతంతో మొదలైన ఉద్యమంలోకి ఇప్పుడు గత్యంతరం లేక వచ్చేవాళ్లు చేరుతున్నారు. సలహాలు మారవలసింది ఇక్కడే.

మన చట్టం ఏమంటోంది

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య అంటుంది. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే ఏ శిక్షా రాయలేదు. హోమ్‌స్కూలింగ్‌ను నిషేధించనూ లేదు, గుర్తించనూ లేదు. ఇంటి దగ్గర చదువుకునే హక్కు ఉందని చట్టం పేరుపెట్టి చెప్పింది తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లల విషయంలోనే. 2012 సవరణతో అది వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లు అలాంటి పిల్లల ఇళ్లకు వెళ్లి చెప్పే చదువు ఈ కోవలోదే. హోమ్‌స్కూలింగ్ అనగానే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నగరపు పిల్ల గుర్తొస్తుంది గాని, ప్రభుత్వం ఒప్పుకున్న ఇంటి చదువు మంచం దిగలేని పిల్లవాడిది.

మిగతావాళ్లకు దారి ఓపెన్ స్కూలు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో పద్నాలుగేళ్లు నిండినవాళ్లు పదో తరగతికి నమోదు కావచ్చు. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి, పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిలిచి ఉంటుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానమైన స్థాయిలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సొంత సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. ఓపెన్ స్కూలు పిల్లలు వైద్య ప్రవేశ పరీక్ష రాయకూడదన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 2024లో సుప్రీంకోర్టు దగ్గర ఆ చిక్కు పూర్తిగా తీరింది.

ఏ సర్టిఫికెట్టూ లేకపోతే ఎంత ప్రతిభ ఉన్నా మన దేశంలో తలుపులు మూసుకుంటాయి. ముంబైలో ఇంట్లోనే చదువుకుని అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో పతకాలు గెలిచిన ఒక అమ్మాయికి 2016లో అమెరికాలోని ఎమ్‌ఐటీ సీటిచ్చింది. పన్నెండో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఐఐటీలో చేరే వీలు లేకపోయింది. తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులకు ఇంకో చిక్కుంది. ఇంజనీరింగ్, మెడికల్ సీట్లలో స్థానిక అభ్యర్థి హోదాకు ఎక్కడ చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. అవి లేనివాళ్లు నివాస ధ్రువపత్రాల కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాలి, నిబంధనలు ఎప్పుడు మారాయో కనిపెట్టుకుని ఉండాలి. బడి మాన్పించేటప్పుడు టీసీ తీసుకుని జాగ్రత్త చేయండన్న సలహా అందుకే బంగారం లాంటిది.

చదువు గురించిన సలహాలు

ఇంట్లో చదివిన పిల్లలకు మార్కులు ఎక్కువొస్తాయని చూపే సర్వేలు అమెరికాలో చాలా ఉన్నాయి. 1999లో లారెన్స్ రడ్నర్ 20,760 మంది పిల్లల ఫలితాలతో వెలువరించిన అధ్యయనాన్ని ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. ఆ పిల్లలంతా తల్లిదండ్రులు డబ్బు కట్టి పరీక్ష రాయించినవాళ్లు. పరీక్షే రాయించని ఇళ్ల సంగతి అందులో లేదు. చదువుకున్న, కలిగిన తల్లిదండ్రుల పిల్లలకు ఎక్కడ చదివినా మంచి మార్కులే వస్తాయి. అందుకే రాబర్ట్ కుంజ్‌మన్, మిల్టన్ గైథర్ 2013లో వందలాది అధ్యయనాలు తిరగేసి జాగ్రత్తగా ఒక మాటన్నారు. కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకుంటే తేడా చాలావరకు కరిగిపోతుంది. మిగిలే తేడా భాషలో కాస్త మెరుగు, గణితంలో కాస్త వెనుకబాటు.

గణితం సంగతి తల్లిదండ్రుల మాటల్లో కూడా వినిపిస్తుంది. కథల పుస్తకాలుంటే చదవడం అబ్బుతుంది. భిన్నాలు, బీజగణితం అలా వాటంతటవి రావు. ఒక మెట్టు తప్పితే పై మెట్టు ఎక్కలేని చదువు అది. కెనడాలో 2011లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఒక పద్ధతి ప్రకారం ఇంట్లో చదివిన పిల్లలు బడి పిల్లల కంటే మెరుగ్గా ఉన్నారు, పద్ధతంటూ లేకుండా వదిలేసిన పిల్లలు వెనుకబడ్డారు. చూసింది పదుల సంఖ్యలో పిల్లల్నే కాబట్టి దాన్ని శాసనం చేయనక్కర్లేదు. అయినా 'రోజూ కాసేపు లెక్కలు తప్పనిసరి, తక్కినది పిల్ల ఇష్టం' అనే ఇళ్ల అనుభవంతో అది సరిపోతోంది.

'కంగారు పడకండి, తనకు తానే చదవడం వస్తుంది' అన్న సలహా మాత్రం ప్రమాదకరమైనది. ఎనిమిదేళ్లకో తొమ్మిదేళ్లకో చదవడం మొదలుపెట్టి దూసుకుపోయిన పిల్లలున్న మాట నిజం. డిస్లెక్సియా ఉన్న పిల్లలూ పైకి అలాగే కనిపిస్తారు. వాళ్లకు తొందరగా గుర్తించి నేర్పితే వచ్చే ఫలితం ఆలస్యమైతే రాదు. ఏడేళ్లు దాటినా అక్షరాలను శబ్దాలతో కలపలేకపోతే, కుటుంబంలో అలాంటి ఇబ్బంది పడినవాళ్లుంటే, వేచి చూడటం మాని పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన లోపాలను గుర్తించింది కాబట్టి ఆ ధ్రువపత్రం తర్వాత పరీక్షల్లో అదనపు సమయానికి కూడా పనికొస్తుంది.

బడి మానిన పిల్లలకు కొన్నాళ్లు ఏ పాఠమూ పెట్టకుండా వదిలేయాలనీ, బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల లెక్కన ఇవ్వాలనీ ఇంకో సలహా ఉంది. దీన్నే డీస్కూలింగ్ అంటారు. ఏడాదికి నెల అన్న లెక్కకు పరిశోధన ఆధారమేమీ లేదు. అలసిపోయిన పిల్లకు విరామం అవసరమన్నది నిజమే. ఆ విరామంలోనూ నిద్రలేచే వేళ, భోజనం వేళ, బయటికెళ్లే వేళ చెదరకూడదు. పాఠం మానొచ్చు, రోజుకంటూ ఒక క్రమం లేకుండా మాత్రం వదలకూడదు.

మనసు గురించిన సలహాలు

తెలుగు ఇళ్లలో బడి మాన్పించే ఆలోచన చాలాసార్లు భయంతో మొదలవుతుంది. ఆ భయానికి కారణాలున్నాయి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మానసిక ఆరోగ్య మార్గదర్శకాలు ఇచ్చింది. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం వారం ర్యాంకుల పట్టిక చూసిన తల్లిదండ్రులు ఇంకో దారి వెతకడంలో ఆశ్చర్యం లేదు.

బడి మాన్పించిన మొదటి వారాల్లో చాలామంది పిల్లలు తేరుకుంటారు. కడుపునొప్పి పోతుంది, నిద్ర పడుతుంది, నవ్వు ముఖం తిరిగొస్తుంది. ఏడిపించే తోటిపిల్లల నుంచి, కొట్టే టీచరు నుంచి దూరం చేయడం చికిత్సలో మొదటి మెట్టు కావచ్చు. కారణం ఆందోళన రోగమైతే కథ వేరు. భయపెట్టే చోటును ఎంత తప్పించుకుంటే భయం అంత గట్టిపడుతుందని మానసిక వైద్యులు చెబుతారు. బడి భయం కొన్నాళ్లకు బస్సు భయం అవుతుంది, ఆపై చుట్టాల ఇంటి భయం అవుతుంది. అందుకని 'బడి మాన్పించండి, అదే సర్దుకుంటుంది' అన్న సలహా సగమే మంచిది. మిగతా సగం, కారణమేమిటో వైద్యుడితోనో కౌన్సిలర్‌తోనో కలిసి తేల్చుకోవడం. డిప్రెషన్, వేధింపులు, చదవలేని ఇబ్బంది, సరిపడని నిద్ర, వీటిలో ఒక్కోదానికి ఒక్కో మందు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా దొరుకుతుంది.

నలుగురిలో కలవరన్న విమర్శ అంత బలమైనది కాదు. ఆటల క్లబ్బు, సంగీతం క్లాసు, వీధి పిల్లలు ఉన్న చోట ఇంటి చదువు పిల్లలు మామూలుగానే కలుస్తారని చాలా అధ్యయనాలు చెప్పాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలకైతే వారాంతాల్లో తెలుగు నేర్పే మనబడి తరగతులు కూడా ఒక కూడలి. అసలు గట్టి ప్రశ్న ఇంకొకటి. ఇంట్లో ఏదైనా తప్పు జరుగుతుంటే గమనించేదెవరు? బడిలో టీచరు కంట పడే దెబ్బ, ఆకలి, దిగులు ఇంట్లో నాలుగు గోడల మధ్య ఉండిపోవచ్చు. ఇంట్లో చదివి పెద్దవాళ్లైన కొందరు అమెరికాలో 2013లో సంస్థ పెట్టుకుని, పిల్లల్ని బయటివాళ్లెవరైనా చూసే ఏర్పాటు చట్టంలో ఉండాలని అడుగుతున్నది ఇందుకే.

రోజు గడిచేదెలా

ఇంటి చదువులో టీచరు దాదాపు ఎప్పుడూ తల్లే. సమాజశాస్త్రవేత్త జెన్నిఫర్ లోయిస్ అమెరికాలో ఇలాంటి తల్లులతో ఏళ్ల తరబడి మెలిగి ఒక పుస్తకం రాసింది. చాలామంది మొదట ఇంటినే బడిగా మార్చేస్తారు. టైమ్‌టేబుల్, గంటలు, వర్క్‌షీట్లు పెట్టి, దాంతోపాటు వంటా ఇల్లూ చంటిపిల్లల పనీ చేసి అలిసి సొమ్మసిల్లిపోతారు. తర్వాత నిలబడినవాళ్లు పట్టు సడలించుకున్నవాళ్లు, ఇంటి పని ఎంత జరగాలన్న దానిలో సర్దుకున్నవాళ్లు, భర్తను పనిలోకి లాగగలిగినవాళ్లు.

మనస్తత్వశాస్త్రవేత్త పీటర్ గ్రే అన్‌స్కూలింగ్‌కు గట్టి సమర్థకుడు. ఇష్టపడి ముందుకొచ్చిన 75 మంది పెద్దలను, అంటే చిన్నప్పుడు అలా పెరిగినవాళ్లను, ఆయనా ఆయన తోటి పరిశోధకురాలూ ప్రశ్నించారు. ఎక్కువమంది తృప్తిగా ఉన్నారు. ముగ్గురు మాత్రం అది తమకు చెడు చేసిందన్నారు. ఆ మూడిళ్లలోనూ తల్లి మానసికంగా కుంగి ఉంది, తండ్రి పట్టించుకోలేదు, పిల్లలు ఒంటరిగా పెరిగారు. సమర్థకుడి సర్వేలోనే బయటపడిన ఈ సంగతి, ఏ సిలబస్ చర్చ కంటే విలువైనది. తల్లి మనసు బాగులేని ఇంట్లో, తండ్రి పూట పంచుకోని ఇంట్లో ఇంటి చదువు మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టి ఉంటే ముందు దాన్ని చక్కదిద్దాలి.

డబ్బు మాటా దాచకూడదు. ఒకరి జీతం వదులుకోగలిగిన ఇల్లే దీన్ని మోయగలదు. మధ్యాహ్న భోజనం, యూనిఫాం, పుస్తకాలు, తల్లి ఖాతాలో పడే ప్రభుత్వ సాయం బడిలో పేరుంటేనే వస్తాయి. వాటి మీద ఆధారపడ్డ కుటుంబాలకు ఇంటి చదువు దారే కాదు. ఇక పేరు ఒక బడిలో ఉంచి, రోజంతా కోచింగ్‌లో కూర్చోబెట్టే పద్ధతిని కొందరు హోమ్‌స్కూలింగ్ అంటున్నారు. అందులో ఇల్లూ లేదు, పిల్ల ఇష్టమూ లేదు. బడిలో ఉన్న కాస్త ఆటను కూడా తీసేసిన చదువు అది.

పిల్లల మాట

తన పిల్లల్ని బడికి పంపకుండా పెంచిన భారతీయుల్లో అందరికీ తెలిసిన పేరు గాంధీది. దక్షిణాఫ్రికాలో వాళ్లకు తానే చదువు చెప్పాడు. జోహాన్నెస్‌బర్గ్‌లో ఆఫీసుకు నడిచివెళ్లే దారిలో పాఠాలు సాగేవి. పనుల ఒత్తిడిలో అవీ సరిగా సాగలేదు. పెద్ద కొడుకు హరిలాల్‌కు పద్ధతైన చదువు కావాలన్న కోరిక ఉండేది. అది తీరకపోవడం తండ్రీకొడుకుల మధ్య దూరానికి ఒక కారణమైంది. కొడుకులకు ఆ కొరత ఉందని గాంధీ ఆత్మకథలో ఒప్పుకున్నాడు, అయినా తన నిర్ణయం సరైనదేనని వాదించాడు. అంతటి మనిషి ఇంట్లో కూడా పెద్దల సిద్ధాంతం పిల్లల కోరికను మింగేసిందంటే, మన ఇళ్లలో ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పక్కర్లేదు. 'బిడ్డల శిక్షణ' రాసిన చలం పిల్లల్ని స్వతంత్ర వ్యక్తులుగా చూడమన్నాడు. ఆ మాట బడికి ఎంత వర్తిస్తుందో ఇంటి చదువుకూ అంతే వర్తిస్తుంది. తిరిగి బడికి వెళ్తానని పిల్ల అడిగితే, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవలసిన బాధ్యతను విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ బడి మీద పెట్టింది.

తీర్పు

ఇంత సామగ్రి చూశాక, ఇంటి చదువు పిల్లల్ని పాడుచేస్తుందనడానికి గాని, బడి కంటే మేలనడానికి గాని ఆధారం లేదు. కొందరు పిల్లలకు, కొన్నేళ్లపాటు, అది సరైన దారి. తోటి తల్లిదండ్రుల సలహా రోజు గడపడంలో, పత్రాల చిక్కుల్లో, ఒంటరితనంలో ఎంతో ఆదుకుంటుంది. రోగ నిర్ణయంలోనూ, 'వేచి చూడండి' అన్న భరోసాలోనూ దాన్ని నమ్ముకోకూడదు.

ప్రభుత్వం చేయాల్సింది చిన్నదే. ఇంటి చదువును గుర్తించి, మండల విద్యాశాఖ దగ్గర ఒక నమోదు, ఏడాదికోసారి పిల్లతో మాట్లాడే ఏర్పాటు పెడితే చాలు. భయపడి దాక్కునే కుటుంబాలు బయటికొస్తాయి, దాచవలసింది ఉన్నవాళ్లు దొరుకుతారు.

బడి మాన్పించాలని ఆలోచిస్తున్నవాళ్లు సిలబస్ ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. పనిలో సగం మోసే రెండో మనిషి ఇంట్లో ఉన్నారా? ఇది పిల్లకు ఇష్టమేనా, ఏడాదికోసారి మళ్లీ అడుగుతారా? టీసీ, ఓపెన్ స్కూలు నమోదు, తిరిగి బడికి వెళ్లే దారి చేతిలో ఉన్నాయా? మూడింటికీ అవునంటే మొదలుపెట్టండి. ఒక్కదానికి కాదన్నా, ప్రస్తుతానికి బడి మార్చి చూడటం మంచిది.